ఇసుక కింద ఏరు, ఏటి గట్టున రొద్దం

పెనుకొండ బస్టాండులో పావగడ బస్సు ఎక్కితే రొద్దం చేరడానికి గంట కూడా పట్టదు. ఆ దారిన ఊరు చూడ్డానికని వచ్చేవాళ్లు అరుదు. బయటి ఊళ్లవాళ్లు పెనుకొండకు వస్తారు. గగన్ మహల్ చూస్తారు, బాబయ్య దర్గాలో చక్కెర చదివిస్తారు. అట్నుంచి అటే లేపాక్షికి పోయి, నంది ముందు ఫొటో దిగి, హిందూపురంలో రైలెక్కుతారు. రొద్దం ఆ జాబితాలో ఉండదు. ఉండాలని నేను పట్టుబట్టను కూడా. కానీ రాజులు ఎట్లా ఉన్నారో పెనుకొండ, లేపాక్షి చెబుతాయి. ఈ నేల మీద జనం ఎట్లా బతికారో తెలియాలంటే మాత్రం రొద్దంలో ఒక పూట కాలినడకన తిరగాలి. ముందు బజారు, తర్వాత ఏరు, ఆ తర్వాత చేలు. ఈ రోజు మీరు కూర్చున్న చోటు నుంచి కదలకుండానే ఆ దారిలో నాతో రండి.

రొద్దం ఒక మండల కేంద్రం. నిన్నమొన్నటి దాకా అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారినా సంతకు వచ్చేవాళ్లు మారలేదు. తూర్పున పెనుకొండ, దక్షిణాన హిందూపురం, పడమట కర్ణాటకలోని పావగడ. ఈ మూడింటి మధ్య ఉన్న పల్లెలకు రొద్దమే దగ్గరి అంగడి. అందుకే ఇక్కడి బేరాల్లో తెలుగు, కన్నడం ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి. ధర తెలుగులో అడిగి, 'జాస్తి ఆయ్తు' అని కన్నడంలో మూతి విరిచి, చివరకు తెలుగులో సర్దుకుంటారు. వింటున్నవాళ్లకు అది రెండు భాషలని తోచదు. చోళేమర్రి నుంచి, కోగిర నుంచి, తురకలాపట్నం నుంచి వచ్చినవాళ్లు బస్సు దిగేముందే సంచి భుజాన వేసుకుని, పైసలు బొడ్లో దోపుకుని తయారుగా ఉంటారు.

ఇటువైపు సంతల్లో ముందుగా చూడాల్సింది గొర్రెల చోటు. అక్కడ అరుపులు గొర్రెలవే, మనుషులవి కావు. అమ్మేవాడు, దళారి ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు. ఆ చేతుల మీద ఒక తువ్వాల పడుతుంది. ఇక మాటల్లేవు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుంటారు, వదులుతారు, మళ్లీ పట్టుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే వెయ్యా, వందా అన్నది ముందు అనుకున్నదాన్ని బట్టి. చుట్టూ పదిమంది మూగి ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. అమ్మేవాడి ముఖం చూసి ఏమైనా పసిగట్టవచ్చేమోనని నేను చాలాసేపు చూశాను. ఏమీ తెలియలేదు. ఆ ముఖంలో ధర కనపడనివ్వకపోవడమే అతను తండ్రి దగ్గర నేర్చుకున్న మొదటి విద్య కావచ్చు. బేరం కుదిరితే తువ్వాల దులిపి భుజాన వేసుకుంటారు. కుదరకపోతే కూడా అంతే. ఫోన్లో వేలిముద్రతో డబ్బు పంపే ఈ రోజుల్లో కూడా గొర్రె ధర వేళ్ల మీదనే తేలుతోంది.

ఆ పక్కనే బొరుగులు, మిరపకాయ బజ్జీలు. సీమలో సంతకు పోయి అవి తినకుండా వచ్చినవాడు సంతకు పోలేదనే లెక్క. కాసేపు కూర్చోండి, తర్వాత చింతపండు దగ్గరికి పోదాం.

ఈ ప్రాంతపు అసలు రైతు చింతచెట్టు అని నాకు గట్టి నమ్మకం. దానికి దుక్కి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, బ్యాంకు అప్పు అక్కర్లేదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా చింతచెట్టు ఎంతోకొంత రాలుస్తుంది. మాఘం దాటగానే కాయ దులపడం మొదలవుతుంది. అక్కడినుంచి అది ఆడవాళ్ల పని. ఇంటి అరుగు మీద కూర్చుని పెంకు కొట్టి, పీచు లాగి, గింజ తీస్తారు. ఒక్కొక్క వేటుకు ఎంత బలం పెట్టాలో చేతికే తెలుసు. ఎక్కువైతే గింజ పగిలి పండులో కలుస్తుంది, తక్కువైతే పెంకు వదలదు. ఆ సరుకంతా హిందూపురం మార్కెట్ యార్డుకు పోతుంది. అక్కడ చింతపండుకు రెండు కులాలు, కరిపులి, ఫ్లవర్. కరిపులి ధర మామూలుగా పైనే ఉంటుంది, ఒక్కోసారి రెట్టింపు దాకా పోతుంది. ఒకే చెట్టు పండు కూడా ఏ రకం కింద పోతుందో అరుగు మీద కూర్చున్న ఆమె చేతిలో ఉంది. ఆమెకు దక్కేది మాత్రం కిలోకు ఇంత అని కూలి. యార్డులో వేలం పాడేవాళ్లు ఆ అరుగు ముఖం ఎన్నడూ చూసి ఉండరు.

ఊరు పాతది. పడమట హేమావతి ఉంది కదా, మడకశిర అవతల. అది నొలంబ పల్లవుల రాజధాని. తొమ్మిది, పది శతాబ్దాల్లో వాళ్లు ఈ చుట్టుపక్కల నేలనంతా ఏలారు. ఆ తర్వాత నిడుగల్లు చోళులు వచ్చారు. వాళ్ల నాటి శాసనాల్లో రొద్దనాడు అనే సీమ పేరు కనిపిస్తుంది. అంటే ఒకప్పుడు ఈ ఊరి పేరు మీదనే ఒక నాడు ఉండేది. ఈ ప్రాంతం నుంచి బయటికి పోయినవి కూడా ఎక్కువే. హేమావతి నుంచి తంజావూరు చోళులు ఎత్తుకుపోయిన నల్లరాతి స్తంభాలు ఈనాటికీ కావేరి గట్టున తిరువయ్యారు గుళ్లో నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత విజయనగరం. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిపోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. ఇక్కడి బియ్యం, బెల్లం, గుర్రాలకు ఉలవలు ఆ కోటకు పోయే ఉంటాయి. రాజధాని తర్వాత చంద్రగిరికి తరలిపోయింది, ఉలవలు మిగిలాయి.

సరే, బజారు దాటి ఏటికి పోదాం.

పెన్న అనగానే కోస్తావాళ్లకు నెల్లూరు బ్యారేజీ గుర్తొస్తుంది, కడప వాళ్లకు గండికోట లోయ. ఇక్కడ పెన్న అంటే ఇసుక. చిక్కబళ్లాపురం దగ్గర నంది కొండల్లో పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం సీమలోకి దిగి, పరిగి దగ్గర జయమంగళిని కలుపుకుని రొద్దానికి వస్తుంది. ఇక్కడినుంచి మళ్లీ కర్ణాటకలోకి, పావగడ తాలూకా నాగలమడికకు పోతుంది. అక్కడ సుబ్రహ్మణ్యుడి గుడి ముందునుంచి పారి, తిరిగి ఆంధ్రలోకి వచ్చి పేరూరు డ్యాములో పడుతుంది. మొత్తం 597 కిలోమీటర్ల నది. అందులో ఈ ముక్క మాత్రం ఏ రాష్ట్రపు ఇంట్లో కాపురం ఉండాలో తేల్చుకోలేని కోడలు మాదిరి అటూ ఇటూ తిరుగుతుంది. ఆ తిరుగుడుకు కాగితాలు కూడా ఉన్నాయి. మైసూరు సంస్థానం ఎగువన కొత్త కట్టలు వేయాలంటే మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోవాలని 1892లో రాసుకున్న ఒప్పందంలో పెన్న, చిత్రావతి, పాపాఘ్ని నదుల పేర్లు ఉన్నాయి. పైవాళ్లు ఆపుకున్నారని కిందివాళ్లు, కిందివాళ్లవన్నీ అనుమానాలని పైవాళ్లు అనుకోవడానికి అప్పుడే నూరేళ్లు దాటింది.

గట్టున రుద్రపాదం ఉంది. రాతి మీద శివుడి పాదం గుర్తు. మొక్కుకునేవాళ్లు, పెద్దలకు పిండాలు పెట్టేవాళ్లు ఇక్కడికి వస్తుంటారు. ఏట్లో నీళ్లు లేకపోతే మరి స్నానం ఎట్లా అంటారా? ఇసుకలో చెలమ తీస్తారు. మోకాలి లోతు చాలు అని ఒకప్పటి మాట. ఇప్పుడు ఎంత లోతు అన్నది ఏడాదిని బట్టి చెప్పాలి.

చెలమ అన్నాను కదా. ఈ ఊరి కథ అంతా నిజానికి ఆ చెలమలోనే ఉంది. అక్కడ కాస్త నిలబడదాం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని, ఇక్కడికి ఖాళీగా వస్తాయి. ఈశాన్య మేఘాలు సముద్రం నుంచి ఇంతదూరం వచ్చేసరికి అలిసిపోతాయి. ఇంత తక్కువ వానతో పాతకాలం రైతు వరి ఎట్లా పండించాడు? ఇసుక కింద కదిలే నీళ్లతో. ఏరు పైకి ఎండినట్టు కనిపించినా ఇసుక అడుగున నీరు నెమ్మదిగా దిగువకు నడుస్తూనే ఉంటుంది. రైతులు ఏటి మధ్య ఇసుకలో నీళ్లు తగిలేదాకా తవ్వి, అక్కడినుంచి దిగువకు ఒక కాలువ తీసేవాళ్లు. కిటుకంతా వాలులో ఉంది. ఏటి వాలు కంటే కాలువ వాలు తక్కువ పెట్టాలి. అప్పుడు ఏరు కిందికి కిందికి దిగిపోతుంటే కాలువ పైపైనే నడిచి, కొంతదూరం పోయాక గట్టెక్కి చేలలో పడుతుంది. మోటారు లేదు, కపిల లేదు, ఎద్దులు లేవు. ఈ ఊటకాలువల్ని పావగడ, మడకశిర వైపు తలపరిగెలని అంటారు. పెన్న పొడుగునా, జయమంగళి పొడుగునా ఇవే ఆయకట్టును బతికించాయి.

ఒక చిక్కు ఉంది. ఏరు వచ్చిన ప్రతిసారీ తలపరిగె పూడిపోతుంది. మళ్లీ తవ్వాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కాబట్టి దండోరా వేయించేవాళ్లు. ఆయకట్టులో మడి ఉన్న ప్రతి ఇంటినుంచి ఒక మనిషి, ఒక పార, ఒక గంప. రానివాడికి తప్పు వేసేవాళ్లు. నీళ్లు ఎవరి మడికి ఎంతసేపు అని చూడ్డానికి నీరుగంటి ఉండేవాడు. అతనికి జీతం కల్లంలో ధాన్యపు మేర. పంట బాగుంటే అతనికీ బాగుంటుంది, కాబట్టి తూము దగ్గర నిద్రపోడు. వీళ్లంతా ఒకరంటే ఒకరికి ప్రేమ ఉండి కలిసి తవ్వారని నేను అనుకోను. దాయాదులు, కోర్టులో కేసులున్నవాళ్లు కూడా పక్కపక్కన నిలబడి ఇసుక ఎత్తిపోశారు. ఎత్తకపోతే ఇద్దరికీ నీళ్లు రావు మరి.

తర్వాత బోరుబండి వచ్చింది.

బోరు వేయించేముందు నీళ్లు చూసేవాడిని పిలుస్తారు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. టెంకాయ ఎక్కడ నిలువుగా లేస్తే అక్కడ సున్నంతో గుర్తు. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు నవ్వుతారు. మిషను తెచ్చి చూసినవాళ్లకు కూడా బోర్లు ఎండాయి కాబట్టి రైతు ఇద్దరినీ నమ్ముతాడు, ఇద్దరికీ డబ్బులిస్తాడు. రాత్రి బండి వస్తుంది. రాతిపొడి తెల్లగా లేస్తుంది. చుట్టూ నిలబడినవాళ్లు ఒక్కొక్క రాడ్డు దిగేకొద్దీ లెక్కపెడుతుంటారు. తాతల బావి నలభై అడుగులు. ఇప్పుడు బోరు వెయ్యి అడుగులకు పోయినా ఆశ్చర్యపోరు. ఒకడికి నీళ్లు పడితే పక్క చేనివాడు వారం తిరక్కుండా ఇంకో వంద అడుగులు లోతుకు వేయిస్తాడు. మొదటివాడిది ఆగిపోతుంది. ఏట్లో ఇసుక లారీలకెక్కి పోతుంటే, చేల కింద నీరు బోర్లకెక్కి పోయింది. ఇసుక పోయిన ఏటికి నీళ్లు పట్టి ఉంచే కడుపు ఉండదు. తలపరిగె తవ్వడానికి పిలిచే మనిషి లేడు, తవ్వితే తగలడానికి నీరూ లేదు.

బోరును తిట్టడం తేలికే. అయితే బోరు లేకపోతే ఈ రోజు రొద్దం చుట్టూ పచ్చగా కనిపించే మల్బరీ లేదు. కాబట్టి అటు కూడా పోవాలి.

ఊరు దాటగానే చేలలో నడుం ఎత్తు మల్బరీ కనిపిస్తుంది, దాని పక్కనే పొడవాటి రేకుల షెడ్డు. వాకిట్లో సున్నం, బ్లీచింగ్ పొడి చల్లిన తడిగోనె. చెప్పులు విడిచి ఆ గోనె మీద కాళ్లు తుడుచుకోకుండా లోపలికి పోతే ఆ ఇంటి ముసలమ్మ కూడా ఊరుకోదు. లోపల వరుసగా అంతస్తుల తట్టలు. చాకీ అనే పసి పురుగులు తెచ్చి వేస్తారు. గుడ్డు పగిలింది మొదలు దాదాపు ఇరవై ఐదు రోజుల కాపురం. ఆ మధ్యలో నాలుగుసార్లు పురుగు తిండి మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. చర్మం మారుస్తోందని పుస్తకాలు రాస్తాయి. రైతులు జ్వరం వచ్చిందంటారు. 'మూడో జ్వరం లేచినాయి' అంటే ఇక ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదని లెక్క. నాలుగో జ్వరం లేచాక పురుగు తినే తిండి చూడాలి. మొత్తం ఆకులో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ చివరి వారంలోనే పోతుంది. రాత్రి పదింటికి కొమ్మలు వేసి పడుకుంటే తెల్లవారి ఈనెలు మిగులుతాయి. ఆ వారంలో పెళ్లికి పిలిచినా ఇంటికి ఒకరే వస్తారు, ఎవరూ తప్పు పట్టరు. పురుగు పండి ఒళ్లు పసుపు తిరిగాక గూడు కట్టడానికి చంద్రికలనే తట్టల మీద వేస్తారు. రెండు మూడు రోజుల్లో గూడు కట్టేస్తుంది. ఒక్క గూటిలో దారం విప్పితే ఇంచుమించు కిలోమీటరు పొడవు.

1990ల్లో జపాన్ సాంకేతిక సాయంతో బైవోల్టిన్ అనే తెల్ల గూళ్ల పట్టును హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో వ్యాపింపజేశారు. అప్పటినుంచి పసుపు గూళ్లు తగ్గి తెల్ల గూళ్లు పెరిగాయి. సరుకు హిందూపురం గూళ్ల మార్కెట్టుకు పోతుంది, రేటు బాగుందని ఫోన్ వస్తే శిడ్లఘట్టకో రామనగరానికో పోతుంది. కిలో మూడు వందలకు పడిపోయిన రోజులున్నాయి, ఏడు వందలు దాటిన రోజులున్నాయి. గూళ్లు తెంపాక ఆపుకోవడానికి లేదు, వారం పది రోజుల్లో రెక్కల పురుగు బయటికొచ్చి దారం తెంపేస్తుంది. అందుకని రేటు ఎంతున్నా అమ్మాల్సిందే. ఈ పట్టే మగ్గమెక్కి ధర్మవరం చీరగా మళ్లీ ఈ ఊరి పెళ్లికి వస్తుంది. అప్పుడు దాని ధర విని, మేపినామె నోరెళ్లబెడుతుంది.

షెడ్డు కట్టలేనివాళ్లు, నీళ్లు లేనివాళ్లు పనికి పోవడానికి పొద్దున్నే రోడ్డు మీద నిలబడతారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కుర్రవాళ్లు కొందరు అటు, ఇంకొందరు బెంగళూరు. మనుషులు బెంగళూరుకు పోవడం ఇప్పటి సంగతి కాదు. అట్లా పోయిన ఒక ఇంటి మనిషి గురించి చెప్పాలి. రొద్దం నరసింహ. 1933లో పుట్టి 2020లో పోయిన పెద్ద శాస్త్రవేత్త. వాళ్ల పూర్వీకుల ఊరు ఇదే, ఇంటిపేరుగా దాన్ని మోసుకు తిరిగారు. బెంగళూరులో జాతీయ వైమానిక పరిశోధనశాలకు 1984 నుంచి 1993 దాకా డైరెక్టరుగా ఉన్నారు, 2013లో పద్మవిభూషణ్ వచ్చింది. విమానం రెక్క మీద గాలి ఎట్లా సుడి తిరుగుతుందో చదివిన మనిషి, తర్వాతి కాలంలో మేఘాల మీద పడ్డారు. గాలి లోపలికి చొరబడినా మేఘం ఎట్లా పైకి లేస్తుంది, ఎట్లా కరిగిపోతుంది అన్నది తెలుసుకోవడానికి ప్రయోగశాలలో ఒక తొట్టి నీళ్లలో మేఘాన్ని పోలిన ప్రవాహాన్ని పుట్టించి చూశారు. మేఘం కోసం తరాలుగా మెడలు నొప్పెట్టేలా పైకి చూసిన ఊరి పేరు, మేఘాల శాస్త్రంలో అచ్చయింది. రొద్దం బజార్లో ఈ సంగతి చెబితే ఒకాయన, 'ఆ తొట్టి మన ఊరికి తేకూడదా సామీ' అన్నాడు.

మేఘాల తొట్టి రాలేదు గానీ కాలువ వచ్చింది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లు ఎత్తిపోతల మీద ఎత్తిపోతలుగా హంద్రీ-నీవాలో ఇంతదూరం వస్తున్నాయి. పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయంలోకి 2016లో చేరాయి. మడకశిర వైపు పోయే బ్రాంచి కాలువ ఈ మండలం మీదుగానే సాగుతుంది. అది నిండా పారే ఏడూ ఉంది, పాచి పట్టే ఏడూ ఉంది. ఆ మధ్య 2021, 2022 వానలకు పెన్న కూడా చాలాకాలానికి గట్లు ఒరుసుకుని పారింది, చెరువులు మరవ పోయాయి. మరవ పారిన రోజు ఊళ్లకు ఊళ్లు వేటలు కోసి గంగమ్మకు మొక్కు తీర్చుకున్నాయి.

కాలువ గట్టు మీద నడుస్తూ ఒకచోట ఆగాల్సి వచ్చింది. పదిహేను ఇరవై మంది గుంపుగా నిలబడి ఉన్నారు, గొంతులు పైకి లేస్తున్నాయి. రెండు పక్క పల్లెలు. కాలువ నీళ్లు ముందు ఏ చెరువుకు తిప్పాలన్నది గొడవ. 'మాది పై చెరువప్పా, అది నిండి మరవ పారితే మీకే కదా వచ్చేది' అని వీళ్లు. 'మీది నిండేసరికి కాలువ కట్టేస్తారు, అప్పుడు మేమేం తాగల్ల' అని వాళ్లు. పక్కన బీడీ కాల్చుకుంటున్న ముసలాయన్ను, ఈ కొట్లాట ఎప్పటినుంచి తాతా అని అడిగాను. వాళ్ల నాయన నీరుగంటి అట. 'ఇదేం కొట్లాట నాయినా. బోర్లు వచ్చినాక నీళ్లకోసం ఒకడు ఇంకొకని మొగం సూసిందే లేదు. ఎవని గుంత వానిది, ఎవని అప్పు వానిది. పోనీలే, మళ్లా తిట్టుకుంటాండారు' అన్నాడు. ఆయన ముఖంలో బాధ ఏమీ లేదు. ఇంకా చెప్పాలంటే ఊరి తేరు చూస్తున్నంత కులాసాగా ఉన్నాడు.

మధ్యాహ్నం దాటాక పెద్దమనుషులు ఒక మాటకొచ్చారు. మూడు దినాలు పై చెరువుకు, మూడు దినాలు కింది చెరువుకు, ఏడో దినం కాలువలో పూడిక తీయడానికి ఇంటికొక మనిషి. రానివాడికి తప్పు ఎంత అన్నది కూడా అక్కడే తేల్చారు. తూము తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది మాత్రం నేను బస్సెక్కేసరికి ఇంకా తేలలేదు.